ఆయనవి కాని ముప్పై ఎనిమిది గ్రాములు

మొన్న చేపల కొట్టావిడ ముల్లు వంగిన స్ప్రింగ్ కాటా ఒకటి తెచ్చి మా గడప మీద పెట్టింది.

"కాటాలాయన ఉన్నారా అమ్మా?"

"లేరమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"ఇంక రారు."

"పోనీ ఇక్కడ పెట్టి వెళ్తాలే. వచ్చాక చూస్తారు."

"ఆయన చనిపోయారమ్మా. పదకొండు నెలలైంది" అన్నాను.

ఆమె అయ్యో అయ్యో అని నా చెయ్యి పట్టుకుంది. కళ్లు తుడుచుకుని, "మరి మీరేమైనా చూస్తారా? సున్నా దగ్గర నిలవడం లేదు" అంది.

తీసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు పక్కన కూర్చుని చూసినదాన్ని, ఆమాత్రం సున్నా నిలబెట్టలేనా అనుకున్నాను. ఆ పని చేస్తుంటే ఆయన సంగతి రాయాలనిపించింది.

మా ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. కాటాలాయన అంటే చాలు. కూరగాయల తక్కెడ, పాత ఇనుము కొట్టు వాళ్ల పెద్ద కాటా, పార్సిల్ ఆఫీసు కాటా, పసిపిల్లల్ని తూచే తొట్టి కాటా, ఏది పాడైనా మా ముందు గదిలోకి రావలసిందే. ఆ గదిలో మనిషి నడవడానికి ఒక్క అడుగు సందు ఉండేది. గోడకి ఒక చెక్క పెట్టె. అందులో సర్కారు సీలు వేసిన ఇత్తడి పడికట్టు రాళ్లు. కిలో నుంచి గ్రాము దాకా. పెళ్లయిన కొత్తలో ఆ పెట్టె తుడుద్దామని ఒక రాయి చేత్తో ఎత్తానో లేదో, ఇల్లు అంటుకున్నట్టు పరుగెత్తుకొచ్చారు. చేతి చెమట అంటితే బరువు పెరుగుతుందట. గుడ్డతో పట్టుకోవాలట. నన్ను కూడా అంత జాగ్రత్తగా ఎప్పుడూ పట్టుకోలేదు ఆ మనిషి.

ఊళ్లో ఎవరూ మాకు తూకంలో దండి కొట్టేవారు కాదు. భయపడి ఒక పిడికెడు ఎక్కువే వేసేవారు. ఆయన ఆ పిడికెడు తీసి బుట్టలో తిరిగి పడేసేవారు. "ఎక్కువైనా తప్పు తూకమేనయ్యా" అని. కొట్టువాళ్లు నవ్వేవారు. నేను ఖాళీ సంచీ వైపు చూసుకునేదాన్ని.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. కేన్సర్ అన్నారు. ముప్పై మూడు రోజులు కరెంటు పెట్టారు. జబ్బు కాలిందో లేదో గానీ గొంతు మాత్రం కాలిపోయింది. మాట గాలిలా వచ్చేది, సైకిలు ట్యూబు బొక్కలోంచి వచ్చినట్టు. మింగడం పోయింది. పొట్టకి చిన్న రంధ్రం చేసి, వేలి లావున ఒక గొట్టం పెట్టి, ఇక తిండీ నీళ్లూ ఇందులోంచే అని ఇంటికి పంపారు. ఆ రోజు ఆయన బరువు నలభై మూడు కిలోల ఆరొందల గ్రాములు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "నలభై మూడు కంటే తగ్గితే మళ్లీ వార్డులో పడుకోబెడతాను. యాభైకి వస్తే మింగుడు పరీక్ష పెడతాను. అందులో పాసైతే నోటితో నీళ్లు తాగొచ్చు. అప్పటిదాకా ఒక్క చుక్క కూడా గొంతు దిగకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది."

"యాభై అంటే..." అని గాలి మాటతో అడిగారాయన, "పైపుతో కలిపా, పైపు తీసేసా?"

డాక్టరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. నర్సుని అడిగి వాడని పైపు ఒకటి సంపాదించుకుని ఇంటికి తెచ్చి తూచారు. ముప్పై ఎనిమిది గ్రాములు. సుద్దముక్కతో తలుపు చెక్క మీద రాసుకున్నారు.

"ముప్పై ఎనిమిది గ్రాములు ఒక లెక్కా అండీ?"

"అవి నావి కావు" అన్నారు.

సరే, ఇక నుంచి నేను చెప్పే అంకెలన్నీ పైపు, బట్టలు తీసేసినవే అనుకోండి. లేకపోతే ఆయన ఊరుకోరు.

రోజుకి ఆరుసార్లు పోయాలి. ఆయన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పైపు నొక్కి పట్టుకుని, మూత తీసి, సూది లేని పెద్ద సిరంజి బిగించి, ముందు కాసిని నీళ్లు, తర్వాత డబ్బా పొడి కలిపిన పాలలాంటి ద్రవం, ఆఖర్న మళ్లీ కాసిని నీళ్లు. సిరంజి ఎత్తి పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. తోయకూడదు. పోశాక ముప్పావు గంట పడుకోకూడదు. ఇది నర్సు నేర్పిన పద్ధతి. దీనికి ఆయన పద్ధతి తోడైంది. పోసే ముందు గిన్నె తూచాలి, పోశాక తూచాలి. నా చేతి మీద ఒలికిన చుక్కల్ని గుడ్డతో అద్ది, ఆ గుడ్డా తూచాలి. వారం తిరిగేసరికి నేను పొయ్యి మీద ఏం పెట్టినా ముందు ఖాళీ గిన్నె బరువు ఎంతా అని ఆలోచించేదాన్ని.

ఇంతలో వదిన దిగింది. ఆయన అక్క. బస్సు దిగి, చేతిసంచీ నా చేతికిచ్చి, తమ్ముడి పొట్ట మీద పైపు చూసి, "ఇదేం చోద్యమే! నోరుండగా పొట్టలో పోయడమేమిటి?" అంది. నేను చెప్పాను. ఆయన పలక మీద రాసి చూపించారు. వినలేదు.

మొదటిసారి పోస్తుంటే ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. నేను సిరంజి ఎత్తాను. ఆవిడ దవడలు కదపడం మొదలుపెట్టింది.

"ఏమైనా తింటున్నారా వదినా?"

"నోట్లో ఏమీ లేదే. వాడి కోసం నములుతున్నా."

"ఎందుకూ?"

"నమలకుండా పోస్తే ఎలా అరుగుతుందే? వాడి నోరు కదలదాయె. ఎవరో ఒకరు నమలొద్దూ? రక్తం పంచుకు పుట్టినదాన్ని, నేను నమిలితే వాడికి అందదా?"

ఆయన నా వైపు చూశారు. నేను సిరంజి వైపు చూశాను. ఆవిడ నిదానంగా ముప్పై రెండు సార్లు నమిలింది. సిరంజి ముందే ఖాళీ అయిపోతే, "ఆగవే, ఇంకా నా నోట్లో ఉంది" అని చెయ్యి అడ్డం పెట్టింది.

అప్పటి నుంచి ఆరుపూటలా అదే. ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కేకేసేదాన్ని, "వదినా, పోస్తున్నా!" అని. అక్కడి నుంచే నములుకుంటూ వచ్చేది. కొన్నాళ్లకి నా దవడ కూడా కదులుతోందని నాకే తెలియలేదు. ఓ రోజు పాత ఇనుము కొట్టాయన కాటా తీసుకెళ్దామని వచ్చి, గుమ్మంలో నిలబడి చూశాడట. తినేవాడి నోరు కట్టేసినట్టుంది, తినని ఇద్దరూ నములుతున్నారు. కాటా తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

నవ్వుకోండి గానీ బరువు పెరిగింది. మొదటి మూడు వారాలకి నలభై అయిదు. తర్వాత నలభై ఏడు దాకా. ఇదంతా నా నమలడమే అని వదిన వీధంతా చెప్పుకుంది.

ఆయన బాధ ఆకలి కాదు. ఆకలి లేదనేవారు. దాహం. పొట్టలోకి రోజూ లీటరున్నర నీళ్లు పోస్తున్నాను. డాక్టరమ్మ లెక్క ప్రకారం ఆయనకి దాహం వెయ్యకూడదు. కానీ కరెంటు పెట్టాక లాలాజలం ఎండిపోయింది. నాలుక చెప్పు అట్టలా ఉండేది. తడి దూదితో పెదాలు అద్దేదాన్ని. అంతవరకే అనుమతి.

ఓ మధ్యాహ్నం వదిన కునుకు తీస్తోంది. ఆయన పలక మీద రాశారు: నీళ్లు తాగు.

"నాకు దాహంగా లేదండీ."

పలక మీద ఆ మాట కింద గీత గీశారు.

గ్లాసుడు నీళ్లు తెచ్చుకుని తాగాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, తల వంచి, నా గొంతు దగ్గర చెవి పెట్టారు. కాటా లోపల స్ప్రింగు ఎక్కడ రాసుకుంటోందో వినేటప్పుడు అలాగే చెవి పెట్టేవారు. గుటకలన్నీ విన్నారు. గ్లాసు అయిపోయింది.

"ఇంకోటి" అన్నారు.

తాగాను. ఇంకోటి అన్నారు. నాలుగు గ్లాసులు తాగాను. పొట్ట డోలులా ఉబ్బిపోయింది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. చల్లగా ఉన్నాయా అని అడిగారు. చల్లగానే ఉన్నాయన్నాను. ఆ రోజు నుంచి రోజూ నాకు ఆ పని పడింది. ఇంట్లో ఒకరికి తిండి నేను పోస్తాను, వదిన నములుతుంది, నీళ్లు నేను తాగుతాను. ఆయన మాత్రం తూస్తారు.

అందుకే నాకు ఆ యాభై కావలసి వచ్చింది. డాక్టరమ్మ కోసం కాదు, మందుల కోసం కాదు. ఒక్క గ్లాసు నీళ్ల కోసం.

నాలుగో రివ్యూకి ఇంకో వారం ఉందనగా ముల్లు నలభై తొమ్మిది దగ్గర మొండికేసింది. నలభై తొమ్మిదీ రెండొందలు. రెండొందల యాభై. మళ్లీ రెండొందలు. వదిన ఒక్కో పూటకి యాభై సార్లు నమిలింది, దవడ నొప్పికి మాత్ర వేసుకుంది. ఫలితం లేదు.

పైపు కదలకుండా పొట్ట చుట్టూ కట్టడానికి నేనొక గుడ్డ పట్టీ కుట్టి ఉంచాను. పాతది మాసిపోయిందని ఇంకొకటి కుట్టాను. రెండు పొరలుగా, మధ్యలో వరసగా చిన్న చిన్న అరలతో. కుడుతున్నప్పుడు ఎందుకు కుడుతున్నానో నాకు నేను కూడా చెప్పుకోలేదు.

రివ్యూ రోజు పొద్దున్న ఆయన ముందు గదిలో పెద్ద కాటా ఎక్కారు. నలభై తొమ్మిదీ నాలుగొందలు. తలుపు చెక్క మీద రాసుకుని స్నానాల గదిలోకి వెళ్లారు. నేను చెక్క పెట్టె తెరిచాను. వంద గ్రాముల రాళ్లు ఆరు. గుడ్డతోనే పట్టుకున్నాను, చెమట అంటకుండా. అరల్లో పెట్టి నోరు కుట్టేశాను. నాలుగో తరగతి చదువైనా ఆ కూడిక నాకు వచ్చు.

"కొత్త పట్టీ బిగుతుగా ఉందే" అన్నారు కడుతుంటే.

"రెండు పొరలు కదండీ. గట్టిగా ఉండాలని."

ముప్పై ఒక్క ఏళ్లలో నేనాయనతో ఆడిన మొదటి అబద్ధం అనను. తూకంలో మాత్రం మొదటిదే.

ఆసుపత్రి వరండాలో కాటా దగ్గర పెద్ద నర్సు కూర్చుని ఉంది. తూగినవాళ్లూ తూగాల్సినవాళ్లూ కలిపి ఒక పన్నెండు మంది, అందరూ గొంతు జబ్బులవాళ్లే, అందరికీ తలా ఒక అంకె పెట్టింది డాక్టరమ్మ. మెడకి మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన అప్పుడే తూగి, యాభై ఎనిమిది వచ్చిందని కొడుక్కి ఫోన్ చేసి చెబుతున్నాడు.

మా ఆయన ఎక్కారు. నర్సు వంగి చూసింది. బట్టలూ పైపూ పోను యాభై కిలోల ఆరొందలు.

"తాతా! గెలిచేశావు!" అంది.

ఆరొందలు ఎక్కువొచ్చింది. నేను కూడిక తప్పానా? ఆయన కిందికి దిగి ఖాళీ కాటా వైపు చూశారు. ఎవరూ ఎక్కకుండానే ముల్లు సున్నా దాటి నిలబడి ఉంది. నొసలు ముడిపడ్డాయి.

"తప్పు కాటా" అన్నారు.

"ఏంటి తాతా?"

"ఆరొందలు ఎక్కువ చూపిస్తోంది. ఎన్నాళ్లుగా?"

"అబ్బా, ఉండనీ తాతా. అందరికీ మంచిదేగా."

అప్పటికే చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు తీశారు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకొచ్చే రోగి ఆయనొక్కరే అయి ఉంటారు. నేల మీద కూర్చుని కాటా మూత విప్పారు. నర్సు వద్దు వద్దంటూనే ఉంది. రెండు నిమిషాల్లో ముల్లు సున్నా మీదికి వచ్చి నిలబడింది.

మఫ్లర్ పెద్దాయనకి సంగతి అప్పుడు అర్థమైంది. "అంటే నా యాభై ఎనిమిది?"

"యాభై ఏడూ నాలుగొందలు" అన్నారు మా ఆయన, స్క్రూ బిగిస్తూ.

"నేనిప్పుడే ఇంటికి ఫోన్ చేశానయ్యా! స్వీట్లు తెమ్మన్నాను!"

"తెమ్మనండి. తగ్గింది ఆరొందల గ్రాములే కదా" అని వెనక ఎవరో అన్నారు.

"నువ్వు నవ్వకు, నువ్వూ తగ్గావు."

వరండాలో ఉన్నవాళ్లంతా ఒక్క నిమిషంలో ఆరొందల గ్రాములు చిక్కిపోయారు. గొంతులు లేవు కాబట్టి గొడవ గట్టిగా కాలేదు గానీ, అందరూ చేతులు ఊపుతూ, పలకలు ఎత్తుతూ, బుసలు కొడుతూ మా చుట్టూ మూగారు. ఆయన అదేమీ పట్టించుకోకుండా మళ్లీ కాటా ఎక్కారు.

సరిగ్గా యాభై.

"యాభై! నిజం కాటా మీద యాభై!" నర్సు చప్పట్లు కొట్టింది. అప్పటిదాకా బుసలు కొట్టినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మఫ్లర్ పెద్దాయన సరే పోనీలే అన్నట్టు భుజం తట్టాడు.

మా ఆయన మొహం మాత్రం తెల్లబోయింది.

"కాదు. నలభై తొమ్మిదీ నాలుగొందలు ఉండాలి."

దిగారు. మళ్లీ మూత విప్పారు. స్ప్రింగు చూశారు, మీటలు చూశారు, ఊదారు, బిగించారు. ఎక్కారు. యాభై. వరండా చివర మంచినీళ్ల క్యాన్లు ఉన్నాయి, ఇరవై లీటర్లవి. సైగ చేస్తే ఇద్దరు రోగులు ఒక ఖాళీ క్యాను తెచ్చారు. తూచారు. తర్వాత నిండుది మోసుకొచ్చి పెట్టారు. ఖాళీ బరువు తీసేస్తే సరిగ్గా ఇరవై కిలోలు. వెంట్రుకవాసి తేడా లేదు.

"నీళ్లకి నిజం చెబుతోంది" అన్నారు ఆయన మెల్లగా. "నాకు అబద్ధం చెబుతోంది."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూశాను. ఇంకొక్క పావుగంట ఓర్చుకుంటే చాలు. డాక్టరమ్మ పిలుస్తుంది, చీటీ మీద యాభై రాస్తుంది, పరీక్ష పెడుతుంది. గ్లాసుడు నీళ్లు.

ఆయన బెంచీ మీద కూలబడ్డారు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ఇది సరైనదైతే మన ఇంట్లోది తప్పు."

"ఆరొందలే కదండీ..."

"మన ఇంటి కాటా తప్పైతే, దాని మీద సరిచూసి ఇచ్చినవన్నీ తప్పు. పాత ఇనుము కొట్టుది, పార్సిల్ ఆఫీసుది, పసిపిల్లల తొట్టిది." గాలి అందక ఆగారు. "ముప్పై ఒక్క ఏళ్లు ఊరంతటికీ దండి కొట్టానే."

జబ్బు పేరు చెప్పినప్పుడు ఆయన కళ్లలో నీళ్లు రాలేదు. పొట్టకి రంధ్రం పెట్టినప్పుడు రాలేదు. అప్పుడు వచ్చాయి. ఎండిపోయిన ఆ మనిషిలో ఇంకా నీళ్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

ఇంక ఓర్చుకోలేకపోయాను. పన్నెండు మంది చూస్తుండగా ఆయన చొక్కా ఎత్తి పట్టీ విప్పాను. కుట్లు పళ్లతో కొరికాను. ఒక్కో రాయీ గుడ్డతో తీసి నర్సు బల్ల మీద పెట్టాను. ఆరు. సీలు వేసినవి, మెరుస్తున్నవి.

వెనక నుంచి ఒకాయన పలక ఎత్తాడు. దాని మీద ఇలా ఉంది: ఆ పట్టీ ఎక్కడ దొరుకుతుంది?

మా ఆయన రాళ్ల వైపు చూశారు. నా వైపు చూశారు. భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు. చప్పుడు లేకుండా, పైపు పట్టుకుని, వంగిపోయి నవ్వుతున్నారు. ఇంటి కాటా తప్పు కాదు. ఊరు తప్పు కాదు. పెళ్లాం ఒక్కతే తప్పు.

డాక్టరమ్మ గొడవ విని బయటికి వచ్చింది. నర్సు అంతా చెప్పింది. ఆ పిల్ల ఆ ఆరు రాళ్లనీ చూసి నుదురు కొట్టుకుంది.

"అమ్మా, యాభై అన్నది నేనేదో గుండుగుత్తగా చెప్పిన అంకె. మీకొక గురి ఉండాలని. నలభై తొమ్మిదీ నాలుగొందలున్నా పరీక్ష పెట్టేదాన్ని. రండి, ఇప్పుడే పెట్టేస్తాను."

నేను ఆయన చొక్కా గుండీలు గబగబా పెట్టేస్తున్నాను, మళ్లీ మనసు మార్చుకుంటుందేమోనని. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"యాభై అన్నారు" అన్నారు డాక్టరమ్మతో. "యాభై వచ్చాక వస్తాను."

"బాబాయిగారూ, అక్కర్లేదంటున్నాను కదా!"

"అన్నారు కదా."

ఎంత చెప్పినా వినలేదు. నర్సు చెప్పింది. మఫ్లర్ పెద్దాయన చేతులు జోడించాడు. నేను అందరి ముందూ అరిచాను, మీరు మనిషేనా అని. చీటీ మీద నలభై తొమ్మిదీ నాలుగొందలు రాయించుకుని, రాళ్లు గుడ్డలో మూటగట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. ఇంటికి వచ్చేదాకా నేను మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా నాలుగు రోజులు మాట్లాడలేదు. పోయవలసిన పూటలకి పోశాను, అంతే. మధ్యలో వదిన నముల్తూ, "మీ ఇద్దరి మధ్యా నా దవడలు అరిగిపోతున్నాయే" అని గొణిగేది.

"నా కోసమే చేశావు. తెలుసు" అన్నారు ఐదో రోజు.

"తెలిస్తే ఎందుకండీ ఈ పంతం?"

"తప్పు తూకంతో వచ్చిన నీళ్లు గొంతు దిగవే."

అదేదో పెద్ద మాట అని నేను మురిసిపోలేదు. ఇప్పటికీ మురిసిపోను. మూడు వారాలు. ఇరవై ఒక్క రోజులు ఆ మనిషి దూదితో పెదాలు తుడుచుకుంటూ, నా గొంతు దగ్గర చెవి పెట్టి కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన బతికింది ఏడు నెలలే. జబ్బు ఊపిరితిత్తుల్లో మళ్లీ తలెత్తింది. ఆ ఏడు నెలల పక్కన ఈ మూడు వారాలు పెట్టి తూస్తే ఎంత ఉంటాయో నాకు తెలుసు. ఆయన మీద నా కోపం ఇంకా తగ్గలేదు. ఎవరితో పోట్లాడను?

మూడు వారాలకి యాభై కిలోల యాభై గ్రాములు వచ్చింది. పాత పట్టీతోనే వెళ్లారు. నర్సు ముందు తానే చేతులెత్తి నిలబడి, తడిమి చూసుకోమన్నారు. ఎక్స్‌రే ముందు కూర్చోబెట్టి తెల్లటి మందు చెంచాతో మింగించారు. గడ్డం ఛాతీకి ఆనించి మింగాలని నేర్పారు. పాసయ్యారు. మొదట చెంచాలు, వారం తర్వాత గ్లాసు అంది డాక్టరమ్మ.

ఆ గ్లాసు రోజున ఆయన ముందు గదిలో పెద్ద కాటా మీద కుర్చీ వేయించారు. ముందు వట్టి చేతులతో కూర్చుని తూగారు. తర్వాత నేను నీళ్ల గ్లాసు చేతికిచ్చాను. గడ్డం ఛాతీకి ఆనించి, ఒక్కో గుక్కా రెండేసి సార్లు మింగుతూ, మధ్యలో దగ్గుతూ, తాగడం మొదలుపెట్టారు. వదిన స్టూలు మీద కూర్చుని నములుతోంది.

"నీళ్లకి కూడానా వదినా?"

"అలవాటైపోయిందే."

నేను ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గొంతు దగ్గర చెవి పెట్టాను. ఇన్నాళ్లు ఆయన విన్నారు. ఇప్పుడు నేను విన్నాను. చిన్న చప్పుడు. ఎక్కడో రాసుకుంటూనే ఉంది గానీ దిగుతోంది.

సగం గ్లాసు అయ్యేసరికి వదిన కాటా వైపు చూసి బెంబేలెత్తిపోయింది. "తమ్ముడూ! తాగుతున్నావు గానీ ముల్లు కదలడం లేదు! నీళ్లన్నీ ఎటు పోతున్నాయిరా?"

ఆయన నవ్వబోయి పొలమారి, గ్లాసు పక్కకి పట్టుకుని దగ్గారు. గ్లాసు ఆయన చేతిలోనే ఉంది కదా. నీళ్లు చేతిలో ఉన్నా, పొట్టలో ఉన్నా కాటాకి ఒకటే. వదినకి అది అర్థం చేయించడానికే పది నిమిషాలు పట్టింది. గ్లాసు ఖాళీ కావడానికి మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

ఖాళీ గ్లాసు నాకిచ్చారు. ముల్లు కాస్త ఊగి నిలబడింది. మొదట కూర్చున్నప్పటి కంటే రెండు వందల గ్రాములు ఎక్కువ. వంగి చూసుకున్నారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసుకున్నారు. నా చేత తలుపు చెక్క మీద రాయించారు, పైపు ముప్పై ఎనిమిదికి పక్కనే.

"ఇవి నావి" అన్నారు.

నాకు సంతోషంతో పాటు ఆ మూడు వారాలూ గుర్తొచ్చాయి. "ఇది మూడు వారాల ముందే తాగి ఉండొచ్చు కదండీ" అన్నాను.

ఆయన కాటా మీద నుంచి దిగలేదు. నా చేతిలో ఖాళీ గ్లాసు వైపు వేలు చూపించారు.

"ఇంకోటి" అన్నారు.